మెలికల మాటల ప్రెస్‌మీట్: వార్త ఎలా రాయాలి?

“సార్, ప్రెస్‌మీట్‌లో నాయకుడు అన్నదే రాశాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. మరి పొద్దున్నుంచి నాకెందుకు ఫోన్లు వస్తున్నాయి?”

విజయవాడలో పత్రిక డెస్కు పని (విలేకరులు పంపిన వార్తలు దిద్ది శీర్షిక పెట్టే పని) మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. తెనాలి నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ అడిగాడు, సత్తెనపల్లిలో యూట్యూబ్ చానల్ నడిపే కుర్రాడు అడిగాడు, కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ అమ్మాయి అడిగింది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అందరికీ ఒకేచోట రాసి పెడుతున్నాను. ఏ పార్టీని దృష్టిలో పెట్టుకునీ రాయడం లేదు. అధికారంలో ఉన్నప్పుడు ఒకలా, దిగాక ఇంకోలా మాట్లాడటం అన్ని పార్టీల్లోనూ చూశాం.

నాయకుడు ఆ మాట అన్నాడన్నది నిజం. అన్న మాట నిజమా? ఇది రెండో ప్రశ్న. మొదటిదానికి ఫోన్‌లో రికార్డర్ చాలు. రెండోదానికి విలేకరి కావాలి. మనలో చాలామంది మొదటిది రాసి ఊరుకుంటాం. పాఠకుడు మాత్రం రెండోది కూడా మనం చూసే ఉంటామని నమ్ముతాడు. ఫోన్లు వచ్చేది అందుకే.

నాకు ఇది దెబ్బ తగిలాకే తెలిసింది. గుంటూరు జిల్లా డెస్కులో ఉన్న రోజులవి. వరికి పైపాటు యూరియా వేసే అదను. ఒక నాయకుడు ప్రెస్‌మీట్ పెట్టి, మండలంలో యూరియా రెండు రోజులకే ఉందన్నాడు. ‘రెండు రోజులే యూరియా!’ అని కొటేషన్లలో పెట్టి శీర్షిక ఇచ్చేశాను. ఎరువులు అమ్మే సహకార సొసైటీకి ఫోన్ చేయలేదు. తెల్లారి ఆరింటికల్లా సొసైటీ గేటు ముందు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరసలో పెట్టి రైతులు నిలబడ్డారు. రెండు బస్తాలు కావలసిన వాళ్లు ఐదు అడిగారు. మధ్యాహ్నానికి గోడౌన్ ఖాళీ. సాయంత్రం అదే నాయకుడు మళ్లీ మైకు ముందు కూర్చుని, నేను చెప్పలేదా అన్నాడు. అంతకుముందు రోజు రిజిస్టర్‌లో వారానికి సరిపడా సరుకుంది. ఆయన అన్నప్పుడు అది అబద్ధం. నా శీర్షిక వల్ల నిజమైంది.

ఏమేం దగ్గర ఉండాలి

ప్రెస్‌మీట్ మొత్తం రికార్డింగ్ ఉండాలి. పీఆర్వో వాట్సాప్‌లో పంపే ముక్కలు సరిపోవు. మీ ఫోన్‌తో మీరు చేసుకున్నదే మీకు రక్ష. క్రిమినల్ పరువు నష్టం ఫిర్యాదుకు మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి ఆ రికార్డింగ్‌ను కనీసం మూడేళ్లు దాచండి.

ఫోన్ నంబర్ల పుస్తకం ఉండాలి. తహసీల్దారు, మండల వ్యవసాయాధికారి, మార్కెట్ యార్డు కార్యదర్శి, ఇరిగేషన్ ఇంజినీరు, సీఐ, సొసైటీ సీఈవో. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ తీసే వాళ్ల నంబర్లకు పక్కన గుర్తు పెట్టుకోండి.

ఒక ఫోల్డర్‌లో బడ్జెట్ పత్రాలు, కాగ్ నివేదికలు, సామాజిక ఆర్థిక సర్వే, పనికొచ్చే జీవోలు, మీ నియోజకవర్గం అభ్యర్థుల ఎన్నికల అఫిడవిట్లు పెట్టుకోండి. అదే నాయకుడు అదే విషయం మీద ఇంతకుముందు ఏమన్నాడో పాత వార్తలు కూడా. వీటికి తోడు క్యాలిక్యులేటర్, ఇరవై నిమిషాల టైం.

1. విన్నదాన్ని ముందు విడదీయండి

ఆఫీసుకు రాగానే టైపు చేయడం మొదలుపెట్టకండి. రికార్డింగ్ మళ్లీ వింటూ మాటల్ని మూడు వరసల్లో రాయండి. సరిచూడటానికి వీలున్నవి (అంకెలు, తేదీలు, ఫలానా పని జరిగింది, జరగలేదు) ఒక వరస. అభిప్రాయాలు (ఇది చేతగాని పాలన, ఇది స్వర్ణయుగం) రెండో వరస. మూడోది అసలైనది: సూటిగా అనకుండా వినేవాడి బుర్రలో పడేసే మాటలు. మన దగ్గర వీటికి కొన్ని మూసలున్నాయి. బెంజి సర్కిల్ సభ అయినా, తాడేపల్లి, మంగళగిరి పార్టీ ఆఫీసుల్లో ప్రెస్‌మీట్ అయినా ఇవే వినిపిస్తాయి.

“నేను అనడం లేదు, జనం అనుకుంటున్నారు.” నింద వేసి, చేతులు కడుక్కోవడం.

“ఇదంతా ఎవరి కోసమో మీకే తెలుసు.” పేరు చెప్పకుండా, పేరు మనచేత చెప్పించడం. ఇక్కడ డెస్కు చేసే పెద్ద తప్పు ఒకటుంది. నాయకుడు ‘ఆయన’ అని ఊరుకుంటే మనం పక్కన బ్రాకెట్ పెట్టి పేరు రాసేస్తాం. ఆయన వేయని నిందను మనం వేసినట్టే. ఎవరి గురించి అన్నారని అడగండి. చెప్పకపోతే, పేరు చెప్పలేదని రాయండి.

“కొన్ని పొరపాట్లు జరిగాయి.” వాక్యంలో కర్త మాయం. తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది కాబట్టి ఇది చెవికి ఆనదు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్న రెండు ప్రశ్నలు వేసుకుని, జవాబు మీకు తెలిస్తే వార్తలో కర్తను తిరిగి పెట్టండి.

“వడ్డీతో సహా తీర్చుకుంటాం.” ఇది బెదిరింపు. దీని సంగతి ఆరో మెట్టులో.

2. అక్కడే అడగండి

మెలిక విప్పడానికి అన్నిటికంటే సులువైన చోటు ప్రెస్‌మీటే. పెద్ద ప్రశ్నలు అక్కర్లేదు. “జనం అంటే ఎవరండీ?” “ఈ అంకె ఎక్కడిదండీ?” “కాగితం ఇస్తారా?” ఈ మూడూ చాలు. మర్యాదగా, గొంతు పెంచకుండా అడగండి. జవాబు వస్తే వార్త బలపడుతుంది. రాకపోతే, అడిగినా ఆధారం చూపలేదన్న వాక్యం మీకు దొరుకుతుంది. నిజాయతీగా ఆ వాక్యం రాయాలంటే ముందు అడిగి ఉండాలి.

నలుగురిలో అడగటానికి టెన్షన్ అయితే, అయిపోయాక పీఆర్వోకు వాట్సాప్‌లో పెట్టండి. చిన్న ఊళ్లో పనిచేసే కంట్రిబ్యూటర్‌కు నాయకుడి అనుచరుల మధ్య నిలబడి అడగడం ఎంత కష్టమో నాకు తెలుసు. మెసేజ్ పెడితే ఎన్నింటికి అడిగారో రికార్డు కూడా ఉంటుంది. ఊళ్లో మీకు ఇబ్బంది అనుకుంటే ఆ ప్రశ్న డెస్కు నుంచే వెళ్లేలా చూడమని మీ ఇన్‌ఛార్జిని అడగండి.

3. అంకెను కడిగి చూడండి

ఎక్కువ టైం దీనికే కేటాయించండి. నాయకుడు చెప్పే అంకె పచ్చి అబద్ధం కావడం తక్కువ. ఎక్కువసార్లు అంకె నిజమే, పోలిక తప్పు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. విజయవాడ ప్రెస్‌మీట్‌లో ఒక నాయకుడు ఇలా అన్నాడనుకోండి: “మా హయాంలో మిర్చి క్వింటా 25 వేలు పలికింది. ఇప్పుడు 8 వేలు. రైతును నిలువునా ముంచారు.” ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను వేసినవే. గుంటూరు మిర్చి యార్డు గురించి కాస్త తెలిసినవాళ్లెవరైనా వెంటనే నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఏ రకం? తేజ, బాడిగ, 334, 341, ఒక్కోదానికి ఒక్కో ధర. ఏ సరుకు? కోల్డ్ స్టోరేజీలో పెట్టిన ఏసీ సరుకుకు ఒక రేటు, కొత్తగా కోసి తెచ్చిన నాన్ ఏసీకి ఇంకో రేటు. ఏ ధర? ఆ రోజు ఒకరిద్దరు రైతుల మేలురకం టిక్కీలకు (బస్తాలకు) పలికిన గరిష్ఠమా, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరా? తాలు (నాసిరకం) కాయ ధర తెచ్చి మేలురకంతో పోల్చారా? ఏ నెల? జనవరిలో కొత్త పంట వస్తున్నప్పటి ధరను, పంట అయిపోయి సరుకు కరవైన నెలతో పోల్చి చూపించారా?

యార్డు కార్యదర్శి ఆఫీసులో ఏ రోజు ధరల పట్టిక ఆ రోజు ఉంటుంది. పాత తేదీలకు కేంద్రం నడిపే అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్ చూడవచ్చు. ఒకే రకం, ఒకే నెల, ఒకే తరహా ధర, వేర్వేరు సంవత్సరాలు. ఈ నాలుగూ కుదిరితేనే పోలిక నిలుస్తుంది. ఒక కమీషన్ ఏజెంట్‌కు, ఒక రైతుకు కూడా ఫోన్ చేయండి. పట్టికలో కనిపించని కోతలు, తరుగు సంగతి వాళ్లే చెబుతారు.

ఒక హెచ్చరిక. సరిచూసినప్పుడు నాయకుడు పెంచి చెప్పాడని తేలినా, ధర పడిపోయిన మాట నిజమే కావచ్చు. అప్పుడు ‘నేత మాట అబద్ధం’ అని వేసి రైతు కష్టాన్ని కూడా అబద్ధం చేయకండి. పెంచి చెప్పింది ఎంతో, నిజంగా తగ్గింది ఎంతో రెండూ ఉండాలి.

నీళ్ల లెక్కలూ ఇంతే. వరద వచ్చిన ప్రతి ఏడూ “ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు చేశారు” అన్న మాట వస్తుంది. క్యూసెక్కులు ప్రవాహం (సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు), టీఎంసీలు పరిమాణం (ఒక్కోటి వంద కోట్ల ఘనపుటడుగులు). 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఇది గోడ మీద రాసి పెట్టుకోండి. రోజుకు 10 టీఎంసీలు వదిలేశారంటే అప్పుడు విజయవాడ దగ్గర కృష్ణా మీది ప్రకాశం బ్యారేజీ నుంచి సుమారు 1.16 లక్షల క్యూసెక్కులు పోతూ ఉండాలి. ఆ రోజు ఇరిగేషన్ బులెటిన్ తీసి చూడండి. ఇక ఆపలేదేమన్న నిందకు వద్దాం. ప్రకాశం బ్యారేజీ నిల్వ సామర్థ్యం 3.07 టీఎంసీలే. ఖాళీగా ఉన్నా సరే, ఆ ప్రవాహానికి ఏడున్నర గంటల్లోపే నిండిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చినట్టు 11.43 లక్షల క్యూసెక్కులు వస్తే ముప్పావు గంట కూడా పట్టదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న బ్యారేజీ దగ్గర లేదు. పైన శ్రీశైలం, సాగర్‌లలో నీటిని ఎప్పుడు, ఎంత వదిలారన్న దగ్గర ఉంది. ఈ రెండు లెక్కలు వార్తలో ఒక వాక్యంగా పెడితే పాఠకుడికి ఎంత మేలో చూడండి.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. రాష్ట్రం అప్పు ఎంతంటే ఒక్కో నాయకుడు ఒక్కో మొత్తం చెబుతాడు. ఒకరు బడ్జెట్‌లో చూపిన అప్పే చెబుతారు, ఇంకొకరు కార్పొరేషన్ల రుణాలు, ప్రభుత్వ గ్యారంటీలు, పెండింగ్ బిల్లులు కూడా కలుపుతారు. అందులో ఏమేం కలిశాయో రాయకుండా మొత్తం ఒక్కటే రాస్తే వార్త అసంపూర్ణం. రెండోది పెట్టుబడులు. ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదరడం, భూమి ఇవ్వడం, పని మొదలవడం, ఉత్పత్తి రావడం నాలుగు వేర్వేరు దశలు. ‘పెట్టుబడులు వచ్చాయి’ అన్న మాట నాలుగో దశకు తప్ప వాడకండి. మొదటి దశకు ‘ఒప్పందాలు కుదిరాయి’ అన్న మాట ఉంది కదా.

4. శీర్షికలో మాట ఎవరిదో ముందు చెప్పండి

తెలుగు వాక్యంలో మాట ఎవరిదన్న సంగతి చివరికి గానీ ఖాయం కాదు. ‘...అని ఆరోపించారు’ అన్నది తోక. శీర్షికలో చోటు చాలకపోతే ముందు తెగేది ఆ తోకే. మిగిలేది ఒట్టి నింద. ‘రూ.500 కోట్లు మింగేశారు: మాజీ మంత్రి’ అని పెడతాం. స్క్రోలింగ్‌లో, వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో ఆ చివరి రెండు మాటలు ఎగిరిపోతాయి. అందుకని పేరు లేదా పదవి ముందుకు తెండి: ‘మాజీ మంత్రి రూ.500 కోట్ల ఆరోపణ, ఆధారం చూపలేదు’.

కొటేషన్ గుర్తులు పెడితే బాధ్యత తీరిందనుకోకండి. పేపరు చేతులు మారి నోటి మాట అయ్యేసరికి కొటేషన్లు ఉండవు. ప్రశ్న గుర్తు కూడా అంతే. ‘మింగేశారా?’ అని పెడితే చదివేవాడు మింగేశారనే చదువుకుంటాడు.

ఇక క్రియ. ఒక్క క్రియతో వార్త పక్షం మారిపోతుంది.

అన్నారు, చెప్పారు, పేర్కొన్నారు: ఇవి ఎటూ మొగ్గవు. విసుగనిపించినా వీటినే వాడండి.

ఆరోపించారు: రుజువు కాని నిందకు సరైన మాట ఇదే.

వెల్లడించారు, బయటపెట్టారు: దాచిన నిజం బయటికొచ్చిందని అర్థం. మీరు సరిచూడకపోతే వాడకూడదు.

గుర్తుచేశారు: అది అందరికీ తెలిసిన నిజమే అని మీరు హామీ ఇస్తున్నారు.

స్పష్టం చేశారు, తేల్చిచెప్పారు: వివాదం ముగిసినట్టు. చాలాసార్లు అక్కడ ఏదీ స్పష్టమై ఉండదు.

ఒప్పుకున్నారు: తప్పు చేసినవాడి మాటకు వాడేది. “అవును, ఆ ఫైలు మీద సంతకం పెట్టాను” అన్నవాడు సంతకం సంగతి చెప్పాడు, నేరం ఒప్పుకోలేదు.

ఎండగట్టారు: అవతలివాళ్లు తప్పు చేశారని మీరే తీర్పు ఇచ్చేశారు.

ఫైర్, నిప్పులు చెరిగారు, విరుచుకుపడ్డారు, కడిగిపారేశారు: ఇవి నాయకుడి ఊపును మోస్తాయి, ఆయన ఏమన్నాడో చెప్పవు. నా డెస్కులో వీటిని తీసేయమంటాను. తీసేశాక శీర్షికకు విషయం మిగలకపోతే అక్కడ వార్తే లేదని అర్థం.

5. నిజంతో మొదలుపెట్టి, నిజంతో ముగించండి

ఒక మాట పదేపదే వింటే అది నిజమే అనిపించడం మొదలవుతుందని 1977లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధించి చూపించారు. అబద్ధాన్ని ఖండించడానికి మళ్లీ మళ్లీ చెప్పినా దానికే బలం పెరిగే ప్రమాదం ఉంది. అందుకే జార్జ్ లేకాఫ్ అనే భాషాశాస్త్రవేత్త 2018లో ఒక వరస చెప్పారు: ముందు నిజం, తర్వాత నాయకుడి మాట క్లుప్తంగా, మళ్లీ నిజం. సిద్ధాంతం ఇంతటితో చాలు.

మన మిర్చి వార్త పాత పద్ధతిలో ఇలా ఉంటుంది: “మిర్చి రైతును ప్రభుత్వం నిలువునా ముంచిందని ఫలానా నేత నిప్పులు చెరిగారు. తమ హయాంలో క్వింటా 25 వేలు పలికిన మిర్చి ఇప్పుడు 8 వేలకు పడిపోయిందని గుర్తుచేశారు.”

కొత్త పద్ధతిలో: “గుంటూరు యార్డులో తేజ రకం మిర్చి ఈ వారం సగటు ధర నిరుటి ఇదే వారం కంటే క్వింటాకు ఇంత తక్కువ. ధర 25 వేల నుంచి 8 వేలకు పడిపోయిందని ఫలానా నేత శనివారం విజయవాడలో అన్నారు. యార్డు పట్టికల ప్రకారం 25 వేలు ఏసీ బాడిగకు ఒక రోజు పలికిన గరిష్ఠ ధర, 8 వేలు తాలు కాయ ధర. ఒకే రకాన్ని పోలిస్తే తగ్గుదల ఇంత.” ‘ఇంత’ అన్నచోట యార్డు అంకెలు వస్తాయి. పాత వార్తలో రైతుకు నాయకుడి కోపం దొరికింది. కొత్తదాంట్లో రైతుకు తన సరుకు ధర దొరికింది.

సరిచూసే టైం లేకపోతే? మూడు దారులు. అంకె లేకుండా వార్త ఇవ్వడం. అంకె ఇచ్చి, సరిచూడలేదని మీ మాటగా రాయడం. లేదా రేపటికి ఆపడం. జిల్లా పేజీలో ఆ చోటు నింపడానికి ఇంకో వార్త దొరుకుతుంది.

6. ముద్రలు, బూతులు, బెదిరింపులు

2019 డిసెంబరులో మొదలైన అమరావతి రాజధాని రైతుల ఆందోళన రోజుల్లో ‘పెయిడ్ ఆర్టిస్టులు’ అన్న మాట ఎంత తిరిగిందో గుంటూరు, విజయవాడల్లో అందరికీ తెలుసు. రాజధానికి భూమి ఇచ్చిన మనిషిని ఒక్క మాటతో నటుణ్ని చేసేశారు. అవతలి వైపు నుంచీ ఇలాంటివి వస్తూనే ఉంటాయి. పోలీసులు ఎవరినైనా కొట్టారంటే చాలు, ‘గంజాయి బ్యాచ్’ అని ముందే ఒక ముద్ర పడిపోతుంది. నాయకుడి ముద్రను మీ సొంత వాక్యంలోకి రానివ్వకండి. మీ వాక్యంలో వాళ్లు రైతులు, విద్యార్థులు, ఫలానా ఊరి యువకులు. ముద్ర వేశారన్నదే వార్త అయితే ఒక్కసారి, శీర్షికలో కాకుండా లోపల రాసి, ఆ మనుషులు ఎవరో వెంటనే చెప్పండి. పోలీసు కేసు ఉందా లేదా అన్నది సీఐని అడిగి రాయండి.

బూతుల సంగతి. ఆ మాట అచ్చు వేయకండి. అలాగని ‘పరుష పదజాలం’ అని మెత్తబరచకండి. ఏ తరహా మాటో చెప్పండి: ‘ప్రత్యర్థి ఇంటి మహిళలను ఉద్దేశించి అసభ్యంగా మాట్లాడారు’, ‘కులం పేరుతో దూషించారు’. పాఠకుడికి తీవ్రత తెలుస్తుంది, ఆ ఇంటివాళ్లకు రెండోసారి అవమానం జరగదు. మూడు సెకన్లకోసారి బీప్ వేసి ఆ క్లిప్‌ను రోజంతా తిప్పడం మాత్రం చేయకండి. తిట్టినవాడికి కావాల్సింది అదే.

‘తాట తీస్తాం’, ‘అంతు చూస్తాం’, ‘వడ్డీతో సహా’ లాంటివి సినిమా డైలాగుల్లా శీర్షిక ఎక్కుతుంటాయి. ‘స్ట్రాంగ్ వార్నింగ్’ అని మనమే బిరుదు ఇస్తాం. ‘అధికారులను బెదిరించిన ఎమ్మెల్యే’ అని రాయండి. ఎవరిని బెదిరించారో వాళ్లకు ఫోన్ చేయండి. ఆ తహసీల్దారో, ఆ ఎస్సైయో మర్నాడు ఆఫీసుకు ఎలా వెళ్లాలన్నది కూడా ఈ వార్తలో భాగమే.

7. అవతలివాళ్ల మాట

నింద ఎవరి మీద పడిందో వాళ్లకు జవాబిచ్చే టైం ఇవ్వండి. రాత్రి తొమ్మిదింబావుకు ఒక్క రింగు ఇచ్చి ‘అందుబాటులోకి రాలేదు’ అని రాయడం అన్యాయం. ఎన్నింటికి ఫోన్ చేశారో, మెసేజ్ పెట్టారో రాయండి.

అయితే ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టడంతో పని అయిపోదు. వరద రోజు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారని ఒకరు, సగమే ఎత్తారని ఇంకొకరు అంటే, ఇద్దరి ఫొటోలూ వేసి వదిలేయకండి. 70 గేట్లు కళ్లెదురుగా ఉన్నాయి. ఫొటోగ్రాఫర్‌ను బ్యారేజీ మీదకు పంపండి.

8. లైవ్, స్క్రోలింగ్, థంబ్‌నెయిల్

లైవ్‌లో నాయకుడు తప్పు అంకె చెబుతుంటే కింద పట్టీ మీద సరైన అంకె వేయవచ్చు. దానికి ముందే తయారై ఉండాలి. ప్రెస్‌మీట్ దేని మీదో తెలిశాక అరగంట ముందు రెండు మూడు ప్రాథమిక అంకెలు పట్టీకి సిద్ధం చేసుకోండి. మతం పేరుతోనో కులం పేరుతోనో రెచ్చగొట్టే మాటలు మొదలైతే లైవ్ ఆపి, యాంకర్ చేత ఎందుకు ఆపామో చెప్పించండి.

ఎవరో పంపిన పది సెకన్ల బిట్‌ను పూర్తి వీడియో చూడకుండా వేయకండి. ‘నేను అలా చేస్తే నన్ను నిలదీయండి’ అన్న వాక్యంలో ముందు సగం కోసేస్తే ఏమవుతుందో చూశారు కదా. ఇప్పుడు గొంతును కూడా కృత్రిమంగా తయారుచేస్తున్నారు. అదే సభలో ఇంకో కెమెరా తీసిన వీడియో దొరికేదాకా ఆగండి.

థంబ్‌నెయిల్‌కు ఒకే నియమం: వీడియోలో లేని మాట థంబ్‌నెయిల్ మీద ఉండకూడదు.

9. చట్టం కొంచెం

ఎవరో వేసిన నిందను ‘ఆయనే అన్నాడు’ అని మళ్లీ వేసినా పరువు నష్టం కేసు మన మీదకు రావచ్చు. భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. అసెంబ్లీ లోపలి మాటలకు వేరే లెక్క. సభలో జరిగినదాన్ని ఉన్నదున్నట్టు, దురుద్దేశం లేకుండా రాస్తే రాజ్యాంగం 361-ఎ అధికరణ రక్షణ ఇస్తుంది. స్పీకర్ రికార్డుల నుంచి తొలగించిన వ్యాఖ్యలకు ఆ ధీమా వద్దు, సభాహక్కుల సమస్య వస్తుంది. అదే నాయకుడు లాబీలో, గేటు బయట అదే మాట అంటే మీకు ఈ రక్షణ లేదు. శీర్షిక విషయంలో ఇంకా జాగ్రత్త. 1983లో శాసనమండలి వార్తకు పెట్టిన శీర్షిక మీద ఈనాడు సంపాదకుడు రామోజీరావుపై మొదలైన సభాహక్కుల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో టీవీలో ఎన్నికల ప్రచార విషయం చూపకూడదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ అది. డిజిటల్ వార్తలు నడిపేవాళ్లు 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పి, 15 రోజుల్లో తేల్చాలి. అనుమానం ఉంటే లాయర్‌ను అడగండి, నన్ను కాదు.

10. యాజమాన్యం ఒత్తిడి ఉంటే

ఇది కూడా అందరూ అడుగుతారు. పత్రికలకు, చానళ్లకు పక్షం ఉందని మన పాఠకులకు తెలుసు. వార్త ఏ పేజీలో రావాలి, ఎంత రావాలన్నది మీ చేతిలో ఉండకపోవచ్చు. క్రియ మీ చేతిలో ఉంది. అంకె మీ చేతిలో ఉంది. అవతలివాళ్లకు ఫోన్ చేయడం మీ చేతిలో ఉంది. ‘ఎండగట్టారు’ తీసి ‘విమర్శించారు’ పెడితే చాలాసార్లు ఎవరూ అడ్డు చెప్పరు. సరిచూసిన కాగితాన్ని వార్తతో పాటే పంపండి. కాగితం పక్కన ఉన్న వాక్యాన్ని కొట్టేయడానికి ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారు.

వార్త సరిగా వచ్చిందా? ఇలా చూడండి

శీర్షికను ప్రెస్‌మీట్‌కు వెళ్లని మనిషికి చదివి వినిపించండి. ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఎవరున్నా సరే. “ఏం జరిగిందంట?” అని అడగండి. “500 కోట్లు తిన్నారంట” అంటే మీ శీర్షిక తప్పింది. “తిన్నారని ఫలానా ఆయన అన్నాడంట, రుజువు చూపలేదంట” అంటే నిలబడింది. నా దగ్గర ఏ శీర్షికకైనా మొదట చేసే పరీక్ష ఇదే.

నాయకుడి పేరు తీసి అవతలి పార్టీ నాయకుడి పేరు పెట్టి చదవండి. అప్పుడు కూడా ఇదే క్రియ, ఇదే సైజు పెడతారా? చేయి ఆగితే మాట మార్చండి.

ఖండన వార్తను విడిగా చూడండి. ‘నేను కబ్జా చేయలేదు: ఎమ్మెల్యే’ అన్న శీర్షికలో మనిషి గుర్తుపెట్టుకునేది కబ్జానే. ‘ఫలానా సర్వే నంబరు భూమి రికార్డుల్లో ఎవరి పేరుందంటే’ అన్నది ఇద్దరికీ న్యాయం చేస్తుంది.

తప్పు పోయిందని తెలిస్తే పాత లింకు తీసేసి మాట్లాడకుండా ఉండకండి. అదే లింకులో పైన సవరణ పెట్టండి, ఏది తప్పో ఏది సరైనదో రాయండి. పేపరులో అయితే తప్పు వచ్చిన పేజీలోనే వేయించండి.

యూరియా, పెట్రోలు, మందులు, రేషన్ బియ్యం, బ్యాంకులో డబ్బు, వీటి కొరత గురించి ఏ నాయకుడి మాటనైనా వేస్తే, తెల్లారి ఆరింటికి ఆ ఊళ్లో ఒకరికి ఫోన్ చేయండి. క్యూ కట్టారా అని అడగండి. కట్టారంటే గోడౌన్‌లో ఎన్ని బస్తాలున్నాయో, తర్వాతి లోడు ఎప్పుడొస్తుందో కనుక్కుని వెబ్‌సైట్‌లో, చానల్‌లో, ఊరి వాట్సాప్ గ్రూపులో అప్పటికప్పుడు పెట్టండి. మర్నాటి పేపరు దాకా ఆగకండి.